సావుకారి బర్రె తిన్న మా పడుగు

"గంజిల ఉప్పేసినవా?"

"ఏసిన. తాగు."

"ఉప్పేస్తే తలుపు దగ్గరికెయ్యి మరి. బర్రె వస్తది."

మా ఇంటాయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆయన రెండు గుక్కలు తాగి, తనలో తాను నవ్వుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక లేవలేదు. లోకంలో మొగుళ్లు పోయేముందు "పిల్లలు పైలం" అంటారు, "రామా" అంటారు, కనీసం "నీళ్లు" అంటారు. నా మొగుడు బర్రె అన్నాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు "ఆఖరికి ఏమన్నడవ్వా" అని కళ్లొత్తుకుంటూ అడిగితే నేనేం చెప్పను? "దేవుణ్ణి తలుచుకున్నడు" అని చెప్పాను. దేవుడు నన్ను క్షమించాలి. బర్రె కూడా క్షమించాలి.

ఆ బర్రె సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. నా తెలివితో నేను నా ఇంటిని దాదాపుగా ఒక బర్రె నోట్లో పెట్టిన వైనం ఇది. చదివి నవ్వండి, నాకేం కోపం లేదు. కానీ మీ ఇంట్లో కొత్త కోడలు ఎవరైనా "నేను ఖర్చు తగ్గిస్తా" అంటే మాత్రం నవ్వకుండా ఆమెకు ఇది చదివి వినిపించండి. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. రాసేది నా కోడలు శకుంతల. మాట నాది, అక్షరం ఆమెది, తప్పులు చెరిసగం.

సోలాపూర్ భవాని పేటలో మా ఇల్లు రెండు గదులు. ముందు పెద్ద గదిలో మగ్గాలు, వెనక చిన్న గదిలో మనుషులు. నేతగాళ్ల ఇళ్లన్నీ అంతే, మగ్గం కాళ్లు చాపుకుంటుంది, మనుషులు ముడుచుకుంటారు. రెండో మగ్గం పెట్టుకోవడానికి మా ఇంటాయన ఇంటిని శివలింగప్ప సావుకారి దగ్గర కుదువ పెట్టాడు. నెలనెలా హప్తా కట్టాలి. వరసగా రెండు హప్తాలు తప్పితే ఇల్లు సావుకారిదే అని కాగితంలో రాసి ఉంది. మా అత్త రాజవ్వకు జ్వరం తగిలి వైద్యుడికి పోసిన నెలలో ఒక హప్తా తప్పనే తప్పింది. అంటే నేను చెప్పబోయే రోజులకు మా ఇంటి కప్పు ఒక్క హప్తా మీద నిలబడి ఉంది.

జ్వరం నుంచి లేచిన మా అత్త ఒకనాడు నన్ను పిలిచి సరుకుల డబ్బులు నా చేతిలో పోసింది.

"ఓ లచ్చీ, ఇగ వంట ఖర్చు నువ్వే సూస్కో. నాకు చాతనైతలేదు. ఉట్టిమీద కుండ ఉన్నది సూడు, అది హప్తాది. ఆకలై సచ్చినా సరే, దాంట్ల చెయ్యి పెట్టకు."

"పెట్టనత్తా. సూస్తుండు, సరుకుల డబ్బుల్లకెళ్లి కూడ మిగిల్చి ఆ కుండల ఏస్త. ఇల్లు నేనే విడిపిస్త."

అత్త నన్ను ఒకసారి కింది నుంచి పైదాకా చూసింది. "విడిపియ్యకున్నా ఏం కాదు బిడ్డా. ఉన్నది ఉంచు" అంది. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. పెద్దవాళ్లు రోషం తెప్పించే మాటలు అనకూడదు, అంటే ఇదిగో, ఇలాంటి కథలు పుడతాయి.

అప్పు చేసి పప్పుకూడు అంటారు. మేం అప్పు చేసి పప్పు కూడా మానేశాం. మానేశాం అంటే పప్పు వండేదాన్నే, కానీ కందిబేడలు నీళ్లలో ఒకదానికొకటి కనిపించనంత దూరంగా ఈదేవి. పోపులో ఒక్క ఆవగింజ ఒంటరిగా చిటపటలాడి, తోడెవరూ పలకకపోతే సిగ్గుపడి ఊరుకునేది. అగ్గిపుల్లను నిలువునా రెండుగా చీల్చేదాన్ని. పక్కింట్లో పొయ్యి మండుతుంటే ఆ చీలిక కూడా దాచుకుని, పిడక పట్టుకుని నిప్పుకు పోయేదాన్ని. నేను వీధి మలుపు తిరగడం చూస్తే కిరాణ దుకాణం శెట్టికి తలనొప్పి మొదలయ్యేది. బెల్లం తూచాక తక్కెడకు అంటిన బెల్లం కూడా గీకి ఇమ్మనేదాన్ని మరి.

మా ఇంటాయన పళ్లెం ముందు కూర్చుని రోజూ ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఏమే, ఇది పప్పా, పప్పు కడిగిన నీళ్లా?"

"పప్పే. నిమ్మలంగ సూడు, అడుగుల ఉన్నది."

"అడుగుల నా మొఖం కనబడుతున్నది."

"అయితే మంచిదే కద, అద్దం ఖర్చు తప్పింది."

ఇలా అందరి కడుపులూ కట్టేశాక ఇక కట్టడానికి ఎవరి కడుపు మిగిలిందా అని చూశాను. అప్పుడు నా కళ్లు మగ్గం మీద పడ్డాయి.

నేత ఎరగనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా ఇళ్లల్లో మగ్గం కూడా ఒక నోరే. చీరకు నిలువు పోగులుంటాయే, దాన్ని పడుగు అంటాం. ఆ పడుగును మగ్గం ఎక్కించేముందు వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు కర్రల మీద సాగదీసి, దానికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఆరబెడతాం. గంజి తాగని పోగు మగ్గం మీద ఊరికే తెగిపోతుంది. పసిపిల్లకు పాలెంతో పడుగుకు గంజి అంత. ఆ గంజిని మా అత్త పూజలాగా కాచేది. కొత్త పిండి, మంచినీళ్లు, పోగు మెత్తబడడానికి ఇంత నూనె. గంజి కుండను వంట కుండల దరిదాపులకు రానిచ్చేది కాదు. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆ వారం మా ఆడబిడ్డకు కాన్పు అయిందని కబురొచ్చి అత్త జోడ్‌భావి పేటకు వెళ్లింది. వెళ్తూ వెళ్తూ "రేపు పడుగు సాగదీస్తరు, పిండి గంపల ఉన్నది, గంజి మంచిగ కాయి" అని చెప్పి వెళ్లింది. గంపలో పిండి చూశాను. అంత పిండితో మా ఇంట్లో ఎన్ని రొట్టెలవుతాయో లెక్క వేసుకున్నాను. నా గుండె చెరువైంది. అది మొత్తం దారాలకు పుయ్యాలా?

పక్కనే అంబలి కుండ ఉంది. అంబలి అంటే జొన్నపిండి పులియబెట్టి, కాచి, చల్ల పోసి, ఉప్పు వేసి తాగేది. మా ఇంట్లో దాన్ని ఎక్కువగా తాగేది అత్తే. ఆమె లేదు కాబట్టి కుండ నిండా ఉంది, మరికాస్త పులిసింది కూడా. నాకు తళుక్కుమని ఒక ఆలోచన వచ్చింది. ఇదీ పిండే, అదీ పిండే. ఇవీ నీళ్లే, అవీ నీళ్లే. మనిషిని నిలబెట్టే అంబలి పోగును నిలబెట్టదా? ఇంత తెలివి ఇన్నేళ్లుగా మా పేటలో ఎవరికీ ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాను. అత్తకు ఈ ఉపాయం చెబితే ఎంత సంబరపడుతుందో అని కూడా అనుకున్నాను.

అంబలిని మళ్లీ పొయ్యి మీద పెట్టి, గుప్పెడు పిండి మాత్రం మొహమాటానికి కలిపాను. నూనె ఒక్క చుక్క కూడా వేయలేదు. బాగా అంటుకోవాలి కదా అని బెల్లం కుండ కడిగి ఆ నీళ్లు పోశాను. బట్టలో వడగట్టి చూస్తే గంజి నిగనిగలాడుతోంది. మిగిలిన పిండిని దాచి, మిగిలిన నూనెను దాచి, ఆ పూట నా వీపు నేనే తట్టుకున్నాను.

తెల్లారింది. మా ఇంటాయన ఒక వైపు, ఎదురింటి పోశెట్టి తాత ఒక వైపు కుంచెలు పట్టుకుని పడుగు వెంబడి నడుస్తూ గంజి పట్టిస్తున్నారు. పోశెట్టి తాత మా గల్లీకి పెద్దమనిషి. పడుగు సాగదీస్తే ఆయన చెయ్యి పడాల్సిందే.

"ఏమే, ఇయ్యాల గంజి వాసన వేరే ఉన్నదేంది?" అన్నాడు మా ఇంటాయన.

"ఆకలైతే అన్నీ గట్లనే వాసనొస్తయి."

"గదీ నిజమే. నీ ఏలుబడిల ఆకలి కానిదెప్పుడు గనక."

పోశెట్టి తాత కుంచె ఆపాడు. "నిజంగనే పిలగా, నాకు గుడ ఆకలైతంది. పొద్దుగాల్నే తిన్న. అయినా ఈ పడుగు దగ్గర నిలబడితే మా అవ్వ యాదికొస్తంది."

"తాతా, పెద్దతనంల అందరూ యాదికొస్తరు, నువ్వు కుంచె నడిపియ్యి" అన్నాను నేను.

వాళ్లు పని ముగించారు. పడుగును ఎండకు వదిలి, దాన్ని చూసుకోమని నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. కాసేపటికి చీమలు వచ్చాయి. కర్రల మీదుగా వరుస కట్టి, జాతరకు పోతున్నట్టు ఎక్కుతున్నాయి. కొంగుతో విదిలించాను. మళ్లీ వచ్చాయి, చుట్టాలను కూడా తోలుకొచ్చాయి. చీమలు నాకు చెప్పవలసింది చెప్పాయి. వినే చెవి లేకపోతే చీమలు మాత్రం ఏం చేస్తాయి?

అంతలో గొడుగు చప్పుడు చేసుకుంటూ శివలింగప్ప సావుకారి రానే వచ్చాడు. మూలిగే నక్క మీద తాటికాయ పడిందంటారు గాని, మా నక్క ఇంకా మూలగడం మొదలుపెట్టనే లేదు, తాటికాయ ముందే వచ్చి అరుగు మీద కూర్చుంది. మా ఇంటాయన బయటికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఇంటాయన వీపు పడుగు వైపు, సావుకారి కళ్లు మా ఇంటి వైపు ఉన్నాయి.

"కాయ్ రే, హప్తా ఏమాయె?"

"గదే సావుకారూ, గా పడుగు ఆరుతున్నది. మగ్గమెక్కిందంటే చీరలే. నెలాఖరుకు హప్తా నడుసుకుంట మీ ఇంటికొస్తది."

"పోయిన నెల గుడ గిట్లనే చెప్తివి."

"పోయిన నెల మా అమ్మకు జ్వరమొచ్చె."

"జ్వరం కాగితంల రాసిలేదు. రెండో హప్తా తప్పితే ఇల్లు ఖాళీ చేసుడు, అది రాసి ఉన్నది."

సరిగ్గా అప్పుడే మేతకు పోయే బర్రెలు గల్లీలోకి వచ్చాయి. రోజూ వచ్చేవే. నేతగాళ్ల గల్లీలో పెరిగిన బర్రెలకు పడుగంటే గోడతో సమానం, పక్క నుంచి మర్యాదగా వెళ్లిపోతాయి. అన్నిటికన్నా ముందు సావుకారి బర్రె చంద్రి నడుస్తోంది. నల్లగా, నున్నగా, వడ్డీ తిని పెరిగినట్టు ఉండేది. అది మా పడుగు దగ్గరికి వచ్చి ఆగింది. ముక్కు ఎత్తింది. అటు చూసింది, ఇటు చూసింది. బర్రె ఆలోచించడం నేను పుట్టి బుద్ధెరిగి చూసింది ఆ ఒక్కసారే. ఆలోచన అయిపోయాక నాలుక బయటపెట్టి మా పడుగును ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక్క నాకుడు నాకింది.

నేను లేచాను. సావుకారి బర్రెను సావుకారి ముందే కట్టెతో కొట్టగలనా? హప్తా తప్పిన ఇంటి కోడలిని.

"సావుకారూ..."

"ఆగవ్వా. లెక్కలు మాట్లాడేకాడ ఆడోళ్లు నడుమ రావొద్దు."

చంద్రి ఇంకో నాకుడు నాకింది. ఈసారి కళ్లు మూసుకుని.

"అది కాదు సావుకారూ, మీ చంద్రి..."

"చంద్రికేమైంది? పొద్దుగాల్నే చెంబు నిండ పాలిచ్చింది. బరోబర్ ఉన్నది."

"బరోబరే ఉన్నది. తింటున్నది."

"తినని. బర్రె అన్నంక తినాలె." సావుకారి మా ఇంటాయన వైపు వేలు చూపించాడు. "దాన్ని సూసి నేర్సుకో. ఇంత తింటది, అంత పాలిస్తది. ఏనాడన్న బాకీ ఉంచుకున్నదా?"

"లేదు సావుకారూ" అన్నాడు మా ఇంటాయన తల దించుకుని.

"గసుంటి జీవం నా ఇంట్ల ఉన్నది గనక నా ఇల్లు చల్లగున్నది. నోరులేని జీవం. ఒకరి సొమ్ము ముట్టది."

ఒకరి సొమ్ము అప్పటికి దాని నోట్లో పిడికెడు ఉంది. నాకడం చాలించి అది నమలడంలోకి దిగింది.

"ఓ అయ్యా, జర ఎనకకు తిరుగు" అన్నాను నా మొగుడితో, నా వల్ల కాక.

"నడుమ నీ గోలేందే?" అని ఆయన కసురుకుంటూ తిరిగాడు. తిరిగి, చూసి, పెట్టిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ కేకకు చంద్రి బెదిరి, నోట్లోది వదలకుండా ముందుకు దూకింది. కర్రలు ఒకదాని వెంట ఒకటి, పెద్దవాళ్లకు దండం పెడుతున్నట్టు పడిపోయాయి. గల్లీ పొడుగునా ఉన్న పడుగు లేచి, బర్రె వెనకాల కొత్త పెళ్లికూతురు కొంగులా బయలుదేరింది. ఎక్కడినుంచి వచ్చాయో రెండు మేకలు వచ్చి ఆ కొంగు పట్టుకున్నాయి. సావుకారి "హో చంద్రీ, హో" అంటూ అడ్డం వెళ్లాడు. చంద్రి ఆయన చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వెళ్లిపోయింది. దాంతో కాళ్లకు, గొడుగుకు, ధోవతికి పోగులు చుట్టుకుని సావుకారి నూలు చుట్టిన పెద్ద కండెలాగా అయిపోయాడు. మా ఇంటాయన బర్రెను పట్టుకోవాలా, పడుగును పట్టుకోవాలా, సావుకారిని విప్పాలా తెలియక మూడింటి చుట్టూ పరుగెత్తాడు. చంద్రి మాత్రం నోటి నుంచి తెల్లని గడ్డం వేలాడుతుండగా, సాధువులాగా, తన ఇంటి దారి పట్టింది.

గల్లీ మొత్తం గుమిగూడింది. సావుకారిని విప్పి అరుగు మీద కూర్చోబెట్టారు. నడుమ పోశెట్టి తాత పంచాయితీకి కూర్చున్నాడు.

"బర్రె మీది, నోరు మీది, పండ్లు మీవి. నా పడుగు ఖరీదు కట్టర్రి సావుకారూ" అన్నాడు మా ఇంటాయన. ఆ గొంతులో ధైర్యం చూసి నాకే ముచ్చటేసింది. న్యాయం తన వైపే ఉందని పాపం నమ్మాడు.

"కడత" అన్నాడు సావుకారి. "కాని ఒక మాట చెప్పు. నా చంద్రి ఇన్నేండ్లసంది ఈ గల్లీల తిరుగుతున్నది. ఏనాడన్న ఎవరి పడుగన్న ముట్టిందా?"

"ముట్టలేదు" అంది గల్లీ.

"మరి నీ పడుగే ఎందుకు ముట్టింది? దాంట్ల ఏమున్నది?"

"ఏముంటది? అందరి పడుగుల ఉన్నదే. గంజి. చెప్పవే" అని మా ఇంటాయన నా వైపు తిరిగాడు.

నా కాలి మెట్టె ఎందుకో వదులైనట్టు అనిపించి, వంగి దాన్ని సరిచేసుకోవడంలో మునిగిపోయాను.

పోశెట్టి తాత నన్ను చూశాడు. ఒక పోగు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు. "పులుపు." ఇంకో పోగు తీసుకున్నాడు. "బెల్లం గుడ తగుల్తంది." మూడో పోగు కూడా తీసుకున్నాడు, అది మాత్రం తీర్పు కోసం కాదు. ఆ తర్వాత ఒక్కొక్కరు వచ్చి తలా ఒక పోగు నోట్లో వేసుకున్నారు. "మంచిగనే ఉన్నది", "మిరపకాయ ఉంటే ఇంకా ఉండు" అని తలలూపారు. బర్రె వదిలేసిన పడుగును ఆ రోజు మా గల్లీ ముగించింది అంటే మీరు నమ్మరు. నమ్మకండి. నేనే కొంచెం పెంచి చెప్పాను.

సరిగ్గా ఆ వేళకు చంకలో మూట పెట్టుకుని మా అత్త వచ్చింది.

"ఎవరు సచ్చిండ్రు, గింతమంది కూడిండ్రు?"

"పడుగు సచ్చింది" అన్నాడు మా ఇంటాయన.

అత్త మూట దించి, ఒక పోగు నాలుకకు తాకించి, కళ్లు మూసుకుంది. "ఇది నేను కుండల పెట్టిపోయిన అంబలి" అంది. కళ్లు తెరిచింది. "బెల్లం ఎవరేసిండ్రు?"

"నేనే అత్తా."

"ఎందుకేసినవే?"

"మంచిగ అంటుకుంటదని."

"అంటుకున్నది బిడ్డా. సావుకారి బర్రెకు అంటుకున్నది."

గల్లీ నవ్వింది. సావుకారి నవ్వలేదు. లేచి గొడుగు దులుపుకున్నాడు. "పడుగుకు తిండి పూసినోళ్లది తప్పు, తిన్నదానిది కాదు. నెలాఖరుకు హప్తా రావాలె. లేకుంటే కాగితం ప్రకారం నడుస్తది" అన్నాడు. పోశెట్టి తాత నోరు తెరిచాడు గాని, నోట్లో ఇంకా పోగు ఉండి మాట రాలేదు.

ఆ సాయంత్రం మా ఇంటాయన ఖాళీ మగ్గం ముందు, తొక్కుడు కట్టెల కోసం తవ్విన గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు. ఉట్టి మీది కుండలో ఉన్నదీ, రెండో మగ్గం సంపాదనా కలిపినా హప్తాకు చాలదు. ఇంకో పడుగుకు నూలు అరువు తేవచ్చు. కానీ అది చీరలై, చీరలు డబ్బయ్యేలోపు నెలాఖరు దాటిపోతుంది. ఆయన నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గుంత అంచు తడుముతూ అన్నాడు, "మగ్గం ఇప్పుకోని ఎత్తుకపోవచ్చునే. మా నాయిన తవ్విన ఈ గుంతను ఎట్ల ఎత్తుకపోవాలె?" నాకు అప్పుడు తెలిసింది, నేను కుండలో కలిపింది ఏమిటో. ఇది నవ్వుల కథే, కానీ ఆ సాయంత్రం మాత్రం నేను నవ్వలేదు.

మర్నాడు తెల్లారుతూనే తలుపు మీద ఎవరో తలతో కొట్టినట్టు చప్పుడైంది. తీస్తే నిజంగానే తల. చంద్రిది. మెడకు తెగిన పలుపు వేలాడుతోంది. మింగిన నూలు సంగతి అడగకండి, అది వెళ్లవలసిన దారినే వెళ్లిపోయిందని తర్వాత కబురు తెలిసింది. మా ఇంటాయన కట్టె కోసం వెతుకుతున్నాడు. అంతలో వెనకాలే, పాల చెంబు పట్టుకుని రొప్పుతూ సావుకారి భార్య గౌరవ్వ వచ్చింది.

"రాజవ్వా, చంద్రి నిన్న సందేళకెళ్లి సుక్క పాలియ్యలేదు. గడ్డి ఏస్తే మొఖం తిప్పుకున్నది. పిండి నానబెట్టి పెడితే తన్నింది. పలుపు తెంపుకొని ఉరికొచ్చింది. మీరేం మందు పెట్టిండ్రే దానికి?"

మా ఇంటాయనకు కట్టె దొరికింది. అత్త చెయ్యి అడ్డం పెట్టి, లోపలికి వెళ్లి, కుండ అడుగున మిగిలిన అంబలి తెచ్చి చంద్రి ముందు పెట్టింది. చంద్రి కుండ తళతళలాడేదాకా తాగింది. తాగి, ఒక నిట్టూర్పు విడిచి, అక్కడే మా వాకిట్లోనే పాలు చేపింది. గౌరవ్వ కూర్చుని చెంబు నింపుకుంది. నింపుకుని లేచి, "రాజవ్వా, రోజూ జర ఇంత అంబలి..." అంటూ నసిగింది.

"పోస్తనమ్మా, దానికేమున్నది" అంది మా అత్త. గొంతులో వెన్న. "కాని అంబలి ఊకెనే తయారు కాదు కద. జొన్నలు కావాలె, సల్ల కావాలె. కాయనీకి పొయ్యి కావాలె. పొయ్యి పెట్టనీకి ఇల్లు కావాలె. నెలాఖరుకు ఇల్లేమో మీ ఆయన తీసుకుంటనంటున్నడు. మరి నేను అంబలి ఎక్కడ కాయాలె, నువ్వే చెప్పు తల్లీ."

గౌరవ్వ చెంబు చంకలో పెట్టుకుని, చంద్రిని మా దగ్గరే వదిలేసి, గిరుక్కున వెనక్కి తిరిగింది.

ఆ ఇంట్లో ఏ మాటలు నడిచాయో నాకు తెలియదు. ఎండ అరుగు ఎక్కకముందే సావుకారి మా ఇంట్లో ఉన్నాడు. కాగితం కూడా తెచ్చాడు. ఇంకో పడుగు నేసి అమ్మేదాకా హప్తా అడగనని, ఆ ఆలస్యానికి ఇల్లు పోదని, పోశెట్టి తాత ముందర రాసి సంతకం పెట్టాడు. మా ఇంటాయన మగ్గం గుంతలోకి దిగి, ఏం పని లేకపోయినా, అలా కాసేపు నిలబడ్డాడు.

ఇల్లు నిలిచింది. ఇక నా సంగతి వినండి.

"అంబలి ఖర్చు సరుకుల డబ్బుల్లకెళ్లే" అంది అత్త. "ఉట్టి మీది కుండ ముట్టద్దు. కలిపిన చెయ్యే కాయాలె. పొద్దుగాల, సందేళ. ఉప్పు సరిపోయిందా లేదా నువ్వే రుచి సూసి పొయ్యాలె."

గుప్పెడు పిండి మిగల్చబోయిన నేను రోజూ రెండు పూటలా కాగు నిండా అంబలి కాచాను. ఆ అప్పు తీరేదాకా కాచాను. మా ఇంట్లో పప్పు ఇంకా పలచబడింది, చంద్రి అంబలి మాత్రం చిక్కబడింది. పలచన చేస్తే మూతి ముడుచుకుని గౌరవ్వ దగ్గరికి చాడీలు చెప్పడానికి పోయేది. చంద్రి నిగనిగలాడుతుంటే మా ఇంటాయన ఎముకలు లెక్కపెట్టుకుంటూ అనేవాడు, "ఏమే, వచ్చే జల్మల నన్ను సావుకారి బర్రెగ పుట్టియ్యమని మన కులదేవుడు మార్కండేయునికి మొక్కు."

ఆఖరి హప్తా కట్టిన రోజు వచ్చింది. ముగ్గురం సావుకారి ఇంటికి వెళ్లాం. ఆయన డబ్బు లెక్కపెట్టుకుని కాగితం మా ఇంటాయన చేతిలో పెట్టాడు. మా ఇంటాయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. నేనూ మనసులో దండం పెట్టుకున్నాను, కాగితానికి కాదు, రేపటి నుంచి అంబలి కాచే పని లేనందుకు. మేం గడప దాటుతుంటే సావుకారి గొంతు సవరించుకున్నాడు.

"ఇంకో మగ్గం పెట్టుకోరాదురా? ఇల్లు మల్ల కుదువ పెట్టు. వడ్డీ సగం చేస్త."

"వద్దు సావుకారూ, చాలు."

"వడ్డీయే వద్దు తియ్యి. ఊకెనే పైసలిస్త. కుదువ ఉన్నట్టు పేరుకు మాత్రం ఉండని." ఆయన గౌరవ్వ వైపు చూశాడు. గౌరవ్వ కొట్టం వైపు చూసింది. "చంద్రి పెద్దదైపోయిందిరా. మీ అంబలి బందయితే పానం ఇడుస్తది. మీరు బాకీలేకుంటే మా ఇంటికి అంబలి ఎందుకు పోస్తరు?"

అప్పు ఇచ్చినవాడు అప్పు తీసుకొమ్మని బతిమాలడం మా పేటలో ఎవరూ ఎరుగరు. మా ఇంటాయన కాగితాన్ని రొండిన దోపుకున్నాడు. మా అత్త మాత్రం గడప మీదే ఆగి, తాపీగా తల తిప్పింది.

"సావుకారూ, ఇల్లు ఇగ కుదువ పెట్టం. అంతగనం కావాలంటే బర్రెను మా దగ్గర కుదువ పెట్టర్రి. నెలనెలా హప్తా మేం పాలల్ల తీసుకుంటం."

పెట్టారు. నిజంగానే పెట్టారు. చంద్రి తన కాళ్లతో తనే నడిచి మా వాకిట్లోకి వచ్చింది. మా ఇంటాయన పళ్లెంలో మొదటిసారి పెరుగు పడింది. ఇన్నేళ్లలో నా పొదుపుతో మా ఇంటికి వచ్చిన లాభం ఏదైనా ఉందంటే అదొక్కటే. అది కూడా నా తెలివితో రాలేదు, అత్త నోటితో వచ్చింది.

ఇప్పుడు యుద్ధం రోజులు. జొన్నలకు చీటీ, గాసునూనెకు చీటీ. పేటలో ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చి "లచ్చవ్వా, నువ్వు ఆ కాలంలనే మస్తు పొదుపు చేసినవట కద, మాకు జర చెప్పు" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. మార్కండేయ స్వామి ఎదుట, తల స్నానం చేసి, తడి చీరతో నిలబడి, నేను ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా వంటింటి కుండను మగ్గం దగ్గరికి, మగ్గం కుండను వంటింటికి తీసుకుపోను. కొడుకు కడుపు కడతాను, నా కడుపు కడతాను, అవసరమైతే చుట్టాల కడుపు కూడా కడతాను, పడుగు కడుపు మాత్రం కట్టను. మళ్లీ ఎప్పుడైనా నా బుర్రలో ఆలోచన తళుక్కుమంటే, అది ఆరేదాకా చల్లటి నీళ్లలో తల పెట్టుకుని కూర్చుంటాను. ఇది సత్యం.

అయింది శకుంతలా, ఇగ చాలు. మొదటికెళ్లి సదువు, వింట. నిమ్మలంగ సదువు. నేను చెప్పనిది నీ అంతల నువ్వు ఏమన్న ఏసి ఉంటే, చెవుల్ల పడంగనే నాకు ఎరుకైతది.